వ్యాపార సందేహాలు: కొత్త మిషను కొనే ముందు పని ఎక్కడ ఆగుతోందో చూడండి

పని పద్ధతులను మెరుగుపరచడానికి డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి, పెట్టినది తిరిగి వస్తుందా అని చాలామంది పాఠకులు అడిగారు. వాటిలో ఎక్కువమందికి పనికొచ్చే ఆరు ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది తయారీ యూనిట్. ఆర్డర్ చేతికొచ్చినప్పటి నుంచి సరుకు పంపేదాకా సగటున 12 పని దినాలు పడుతోంది. మా కటింగ్ మిషను పాతది. రెట్టింపు వేగంతో నడిచేది కొంటే ఈ 12 రోజులు ఎంత తగ్గుతాయి?

జవాబు: ఏమీ తగ్గకపోయే అవకాశమే ఎక్కువ. మిషను ఎంత వేగంగా నడుస్తుందన్నది వేరు, ఆర్డర్ ఎంత త్వరగా బయటపడుతుందన్నది వేరు. డబ్బు చెల్లించే ముందు కొన్ని వారాలు ఆర్డర్ వెంట నడవండి.

రాబోయే 20 ఆర్డర్లకు ఒక్కోదానికి ఒక చీటీ కట్టండి. ప్రతి దశలోనూ మూడు సమయాలు రాయించండి: పని అక్కడికి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు చేతిలోకి తీసుకున్నారు, ఎప్పుడు ముగించారు. చాలా యూనిట్లలో మొదటిదీ మూడోదీ రాసి రెండోది వదిలేస్తారు. అప్పుడు పని చేసిన సమయమూ ఊరికే పడి ఉన్న సమయమూ కలిసిపోయి చీటీ దేనికీ పనికిరాకుండా పోతుంది. ఆర్డర్ నమోదు, డ్రాయింగ్ ఆమోదం, ముడిసరుకు ఇవ్వడం, తనిఖీ, ప్యాకింగ్ కూడా దశలే. ఆఫీసు బల్లల మీద గడిచే రోజులు షెడ్డులో గడిచే రోజులకు తక్కువేమీ కావు, కానీ వాటిని ఎవరూ కొలవరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రోజుకు 8 గంటల చొప్పున 12 రోజులంటే 96 గంటలు. చీటీలన్నిటి సగటు తీస్తే ఒక్కో ఆర్డర్‌కు నిజంగా పని జరిగిన సమయం 6 గంటలు తేలిందనుకోండి. ఇలాంటి ఫలితం అరుదేమీ కాదు. మిగతా 90 గంటలూ ఆర్డర్ వరుసలో నిలబడి ఉంది. కటింగ్‌కు గంట పడుతుంటే కొత్త మిషను మిగిల్చేది అరగంట, అదీ 96 గంటల్లో.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. పని పేరుకుపోయేది కటింగ్ ముందే అయితే, అంటే వాడుకలో బాటిల్‌నెక్ అనేది అదే అయితే, వేగం పెరగ్గానే ఆ వరుస కరుగుతుంది. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ దశ ముందు ఎప్పుడూ పని గుట్టగా ఉంటుంది, ఆ తర్వాతి దశ తరచూ పని లేక ఖాళీగా ఉంటుంది. రెండు వారాల పాటు రోజూ ఒకే వేళకు ప్రతి దశ ముందున్న ఆర్డర్లను లెక్కపెట్టించండి. గుట్ట ఒకేచోట ఉంటే బాటిల్‌నెక్ దొరికినట్టే. రోజుకో చోటికి మారుతుంటే సమస్య మిషన్లది కాదు. ఆర్డర్లను ఒక్కసారిగా గుమ్మరించడమో, ‘అర్జెంటు’ పేరుతో మధ్యలో వరుస మార్చడమో జరుగుతోందన్నమాట.

బాటిల్‌నెక్ కటింగే అని తేలినా వెంటనే కొనకండి. ముందు నాలుగు చూడండి. భోజన విరామంలో అది ఆగుతోందా? ఇంకొకరిని నిలబెడితే రోజుకు అరగంట వస్తుంది. లోపమున్న ముడిసరుకు దాని మీదికి వెళుతోందా? తనిఖీని దాని వెనక నుంచి ముందుకు జరపండి. వేరే మిషను మీద చేయగల పని కూడా దీని మీదే చేస్తున్నారా? ఆపరేటర్ సరుకు కోసం, డ్రాయింగ్ కోసం ఎదురుచూస్తున్నాడా? ఈ నాలుగూ సరిదిద్దడానికి పెద్దగా ఖర్చు ఉండదు. ఆ తర్వాత కూడా గుట్ట తగ్గకపోతేనే మిషను గురించి ఆలోచించాలి.

ఇంకో దారి కూడా ఉంది. దీన్ని ఎక్కువమంది వాడుకోరు. అమెరికా ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, చేతిలో ఉన్న మొత్తం ఆర్డర్లను రోజుకు పూర్తయ్యే ఆర్డర్లతో భాగిస్తే ఒక్కో ఆర్డర్‌కు పట్టే సగటు రోజులు వస్తాయి. మీ దగ్గర 60 ఆర్డర్లు నడుస్తూ రోజుకు 5 పూర్తవుతుంటే 12 రోజులు. అంటే 12ను 6 చేయడానికి రోజుకు 10 పూర్తిచేయాల్సిన అవసరం లేదు. చేతిలో ఉన్న 60ని 30కి దించినా చాలు. ఎప్పుడో పేరుకున్న ఆ అదనపు 30 ఆర్డర్లు తమంతట తాము పోవు. రోజుకు 5 వస్తూ 5 వెళుతుంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. బాటిల్‌నెక్ దగ్గర మాత్రమే ఓవర్‌టైమ్ పెట్టి రోజుకు ఒక ఆర్డర్ అదనంగా తీస్తే 30 పని దినాల్లో అవి ఖాళీ అవుతాయి. అది ఒక్కసారి పెట్టే ఖర్చు. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకోండి: ఒక ఆర్డర్ బయటికి వెళ్తేనే ఇంకొకటి లోపలికి. ఈ నియమం పెట్టకపోతే గుట్ట మళ్లీ పెరుగుతుంది.

సూత్రం వాడేటప్పుడు జాగ్రత్త. ఇది సగటు లెక్క. కస్టమర్ ఆమోదం కోసం ఆగిన ఆర్డర్లను 60లో కలపకుండా, వాటి రోజులను మాత్రం 12లో కలిపితే సమాధానం తప్పు వస్తుంది. ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు అన్నది ముందే నిర్ణయించుకుని రెండింటికీ అదే హద్దు వాడండి.

ప్రశ్న: మా ప్యాకింగ్ మిషను మీద ఒక రకం నుంచి ఇంకో రకానికి మారడానికి 50 నిమిషాలు పడుతుంది. 8 గంటల షిఫ్టులో మూడుసార్లు మారుస్తాం. అందుకే పెద్ద బ్యాచ్‌లు వేస్తున్నాం, స్టాకు పెరిగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: 480 నిమిషాల్లో 150 నిమిషాలు మార్పులకే పోతున్నాయి. అంటే షిఫ్టులో దాదాపు మూడో వంతు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చే చోటు ఇదే.

జపాన్‌కు చెందిన పారిశ్రామిక ఇంజనీరు షిగెయో షింగో 1969లో టొయోటాలో 1,000 టన్నుల ప్రెస్సు మీద డై (లోహపు రేకుకు ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి పట్టే 4 గంటలను మొదట గంటన్నరకు, తర్వాత 3 నిమిషాలకు తెచ్చారు. ఆయన పద్ధతిలో కీలకమైన ఆలోచన ఒకటే: మిషను ఆగి ఉన్నప్పుడే చేయగల పనులు వేరు, అది నడుస్తుండగానే చేసుకోగల పనులు వేరు. రెండూ కలిపేయడం వల్లే సమయం పోతుంది.

మొదట ఒక మార్పును మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి. పాత రకంలో చివరి మంచి ప్యాకెట్ వచ్చిన క్షణం నుంచి కొత్త రకంలో మొదటి మంచి ప్యాకెట్ వచ్చేదాకా. మిషను ఆన్ చేసిన క్షణం దగ్గర ఆపేస్తే సగం కథ కనపడదు. వీడియో మీద ఆపరేటర్లతో కలిసి కూర్చోండి, వాళ్లు లేకుండా కాదు. ప్రతి పనికీ నిమిషాలు రాసి, పక్కన ‘ఆపి’ లేదా ‘నడుస్తుండగా’ అని గుర్తు పెట్టండి. స్పానర్ వెతకడం, లేబుల్ రోల్ గోదాము నుంచి తేవడం, తర్వాతి అచ్చు శుభ్రం చేయడం, వేడిచేయడం ఇవన్నీ మిషను నడుస్తుండగానే అయిపోవాల్సినవి. ఒక్కో రకానికి కావలసిన భాగాలు, పనిముట్లు, రోల్ ఒకే బండిలో సర్ది, మార్పుకు 15 నిమిషాల ముందే మిషను పక్కన నిలిపితే ఈ భాగమంతా తీరిపోతుంది.

తర్వాత ఆపి చేసే పనులు. బోల్టు బిగిసేది చివరి చుట్టులోనే, వదులయ్యేది మొదటి చుట్టులోనే. మిగతా చుట్లన్నీ వృథా శ్రమ. క్లాంపులు, పావు చుట్టుతో బిగిసే బిగింపులు పెట్టండి. బలం ఎక్కువ పడే చోట, భద్రతకు సంబంధించిన చోట మాత్రం తయారీదారును అడగకుండా బోల్టు మార్చకండి.

అసలు బరువంతా సర్దుబాట్లలో ఉంటుంది. పాత పద్ధతి మార్పుల్లో దాదాపు సగం సమయం ట్రయల్ వేసి చూడటానికీ మళ్లీ సర్దడానికీ పోతుందని షింగో లెక్కకట్టారు. ఆపరేటర్ కంటి అంచనాతో గైడ్‌ను అటూ ఇటూ జరపడమే దీనికి కారణం. ప్రతి రకానికీ గైడ్ ఎక్కడ ఉండాలో స్కేలు మీద గుర్తు పెట్టండి, వీలైతే ఆ కొలతకే కోసిన స్పేసర్ దిమ్మలు చేయించండి. ఉష్ణోగ్రత, వేగం, ఒత్తిడి అంకెలు ఒక కార్డు మీద ఉండాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, అరిగిపోయిన భాగాలు అలాగే ఉంచి గుర్తులు పెడతారు. వారం తిరక్కుండానే ఆ గుర్తు దగ్గర సరైన ప్యాకెట్ రాదు, ఆపరేటర్లు గుర్తులను నమ్మడం మానేస్తారు. ముందు అరిగినవి మార్చండి, తర్వాత గుర్తులు పెట్టండి.

50 నిమిషాలు 20కి దిగితే రోజుకు 90 నిమిషాలు మిగులుతాయి. ప్యాకింగే బాటిల్‌నెక్ అయితే ఆ సమయం ఉత్పత్తికి వాడుకోండి. కాకపోతే ఇంకా ప్యాక్ చేసి స్టాకు పెంచకండి. పాత 150 నిమిషాల్లోనే ఇప్పుడు ఏడుసార్లు రకం మార్చవచ్చు. బ్యాచ్‌లు సగానికంటే చిన్నవవుతాయి, స్టాకూ ఆ మేరకు దిగుతుంది.

ప్రశ్న: ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రతినిధి ఇలా లెక్క చూపించారు: 15 మంది సిబ్బందికి రోజుకు 20 నిమిషాలు ఆదా, నెలకు 25 రోజులు, అంటే 125 గంటలు. ఆ గంటల జీతంతో పోలిస్తే సాఫ్ట్‌వేర్ చవక అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: కూడికలో తప్పు లేదు. కానీ ఆ 125 గంటలు మీ ఖాతాలోకి రావు. ఒక్కొక్కరికి మిగిలిన 20 నిమిషాల వల్ల నెల చివర ఇచ్చే జీతం తగ్గదు, అమ్మే సరుకు కూడా దానంతట పెరగదు.

నిజంగా డబ్బయ్యే ఆదా కొన్ని రకాలే. బాటిల్‌నెక్ దగ్గర మిగిలిన సమయం ఒకటి. దాంతో అదనంగా తయారై అమ్ముడుపోయే సరుకు ధరలోంచి ముడిసరుకు ఖర్చు తీసేస్తే వచ్చేదే లాభం. అమ్ముడుపోకపోతే లాభం లేదు. రెండోది, ఇప్పుడు చెల్లిస్తున్న ఓవర్‌టైమ్ లేదా బయట చేయిస్తున్న పని ఆగిపోవడం. మూడోది తిరిగి చేయాల్సిన పని, పారేసే సరుకు తగ్గడం. స్టాకు తగ్గితే చేతికి నగదు వస్తుంది, కానీ అది ఒక్కసారే వచ్చేది. దాన్ని ఏటా వచ్చే లాభంలో కలిపి చూపించడం ఇలాంటి ప్రతిపాదనల్లో తరచూ జరిగే తప్పు.

మీ 15 మందిలో ఇద్దరే బాటిల్‌నెక్ దశలో ఉన్నారనుకోండి. వాళ్ల ఆదా నెలకు 1,000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. లెక్కల విభాగంలో నెలకు 20 గంటల ఓవర్‌టైమ్ ఆగుతుందనుకోండి. మొత్తం 37 గంటలకు కొంచెం తక్కువ. 125లో మీరు పైసలుగా చూడగలిగేది అంతే. మిగతా గంటలు వ్యర్థమని కాదు. వాటితో ఏ పని చేయిస్తారో ముందే రాసిపెట్టుకోకపోతే మాత్రం వ్యర్థమే.

ఖర్చు వైపు లైసెన్సు ఒక్కటే రాయకండి. పాత డేటా శుభ్రం చేసి ఎక్కించడం, శిక్షణలో కూర్చున్న గంటలు, మొదటి వారాల్లో మందగించే పని, ఏటా కట్టే నిర్వహణ రుసుము అన్నీ రాయండి. నెలనెలా వచ్చే నికర ఆదాతో మొత్తం పెట్టుబడిని భాగిస్తే ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో తేలుతుంది. తర్వాత అదే లెక్కను ఆదా సగమే వచ్చినట్టు, అమలుకు రెట్టింపు కాలం పట్టినట్టు ఇంకోసారి వేయండి. అప్పుడు కూడా కొనాలనిపిస్తే కొనండి.

ఇంకొక మాట. ఒకే వస్తువుకు మూడు కోడ్‌లు, ఒకచోట కిలోలు ఇంకోచోట సంచులు ఉన్న జాబితాను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే తప్పు స్టాకు ఇంకా త్వరగా, ఇంకా నమ్మకంగా కనిపిస్తుంది. వస్తువుల జాబితా, కొలమానాలు, సరఫరాదారుల వివరాలు సరిచేసి, భౌతికంగా స్టాకు లెక్కపెట్టిన తర్వాతే మారండి. ముందు ఒక్క ఉత్పత్తి వరుసలో పెట్టండి. పాత పద్ధతినీ కొత్తదాన్నీ కలిపి ఒక నెలాఖరు ముగింపు వరకు నడపండి, అంతకంటే లాగకండి. రెండూ ఎక్కువ కాలం నడిస్తే సిబ్బంది అలవాటైన పాతదాన్నే నమ్ముతారు.

ప్రశ్న: మా డిజైన్ విభాగంలో ఎవరూ ఒక్క నిమిషం ఖాళీగా ఉండరు. అయినా ప్రతి పనీ ఆలస్యమే. ఇంకా ఎలా చేయించాలి?

జవాబు: ఆలస్యానికి కారణం ఆ ఖాళీ లేకపోవడమే. ఇది మనస్తత్వం మాట కాదు, వరుసల గణితం. ఒక మనిషి ముందుకు పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కోదానికి పట్టే సమయం బాగా మారుతూ ఉందనుకోండి. సగటు పని ఒక గంట. అతని సమయంలో 80 శాతం నిండి ఉంటే కొత్త పని తన వంతు కోసం సగటున 4 గంటలు ఆగుతుంది. 90 శాతం నిండితే 9 గంటలు. 95 శాతానికి 19 గంటలు. పని పెరిగింది కొంచెమే, వరుస మాత్రం అనేక రెట్లు పెరిగింది.

అందుకే ఎక్కువ పని చేయించే ఆలోచన మానండి. ఇద్దరు డిజైనర్లకు వేర్వేరు వరుసలు ఉండి ఇద్దరూ 90 శాతం నిండి ఉంటే ఒక్కో పని 9 గంటలు ఆగుతుంది. ఆ రెండు వరుసలనూ ఒకటిగా కలిపి, ఎవరు ఖాళీ అయితే వాళ్లు తర్వాతి పని తీసుకుంటే అదే ఇద్దరితో ఆగే సమయం సుమారు నాలుగుంపావు గంటలకు దిగుతుంది. దీనికి కావలసింది ఇద్దరికీ రెండు రకాల పనులూ వచ్చేలా శిక్షణ. పెట్టుబడి పెట్టాల్సింది అక్కడ. రెండో పెట్టుబడి పని కోరే ఫారం మీద. కొలతలు, పదార్థం, పరిమాణం, కావలసిన తేదీ లేకుండా పని తీసుకోవద్దు. సగం వివరాలతో మొదలైన పని మధ్యలో ఆగి, మళ్లీ మొదలై, ఒక గంట పని మూడు గంటలవుతుంది.

ప్రశ్న: సరఫరాదారుల బిల్లులు చెల్లించడం ఎప్పుడూ ఆలస్యం. ఐదు చేతులు మారాలి. ఆమోదాలు తగ్గించవచ్చా?

జవాబు: తగ్గించవచ్చు, కానీ ముందు తిరుగు బిల్లుల, అంటే ఏదో తప్పు వల్ల వెనక్కి వచ్చే బిల్లుల సంగతి చూడాలి. ఐదు దశల్లో ప్రతి దశా 95 శాతం సరిగా చేసినా, ఎక్కడా వెనక్కి రాకుండా ముగిసేవి 100 బిల్లుల్లో 77 మాత్రమే. మిగిలిన 23 వెనక్కీ ముందుకూ తిరుగుతుంటాయి, ఆలస్యం ఎక్కువగా వాటిదే. రెండు వారాలు ప్రతి తిరుగు బిల్లుకూ కారణం ఒక గీతతో గుర్తించండి. పర్చేజ్ ఆర్డర్ నంబరు లేకపోవడం, సరుకు అందినట్టు నమోదు కాకపోవడం, ధర తేడా, ఇలా. సాధారణంగా రెండు మూడు కారణాల దగ్గరే గీతలన్నీ పోగవుతాయి. వాటిని మొదటి దశలోనే ఆపండి: నంబరు లేని బిల్లు స్వీకరించం అని సరఫరాదారులకు రాతపూర్వకంగా చెప్పండి.

పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ సరిపోలితే మళ్లీ ఆమోదం అక్కర్లేదు. ఆ కొనుగోలును ఆర్డర్ ఇచ్చినప్పుడే ఆమోదించారు. చిన్న తేడాలకు ఒక పరిమితి పెట్టుకుని, దాటినవే పైకి పంపండి. ఆమోదించేవారు సెలవులో ఉంటే ఎవరు చూస్తారో పేరుతో రాసి ఉంచండి.

ఒక్కటి మాత్రం తగ్గించకండి. సరఫరాదారు బ్యాంకు ఖాతా వివరాలు చేర్చే లేదా మార్చే వ్యక్తీ, చెల్లింపు పంపే వ్యక్తీ ఒక్కరే కాకూడదు. ఖాతా మార్చమని ఈమెయిల్ వస్తే అందులో ఉన్న నంబరుకు కాకుండా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. వేగం కోసం ఈ రెండు నిమిషాలు వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్న: పద్ధతులన్నీ రాసి, చెక్‌లిస్టులు గోడకు అంటించాం. రెండు నెలల్లో అందరూ పాత దారికి వెళ్లిపోయారు.

జవాబు: గోడ మీది చెక్‌లిస్టును ఎవరూ చదవరు. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 విమానం గాలిలోకి లేవగానే కూలింది. ఆగి ఉన్నప్పుడు తోక భాగాలు గాలికి కదలకుండా వేసే లాక్‌ను తీయకుండానే బయల్దేరడమే కారణం. నడిపినవాళ్లు అనుభవజ్ఞులే. ఆ తర్వాతే పైలట్లకు చిన్న చెక్‌లిస్టులు వాడుకలోకి వచ్చాయి. అవి పనిచేయడానికి కారణం, వాటిలో విమానం నడపడం ఎలాగో ఉండదు. తెలిసినవాళ్లు కూడా మరచిపోయేవే ఉంటాయి, పని ఒక క్షణం ఆగే చోటే చదువుతారు.

మీవి కూడా అలాగే కోయండి. ఒక్కో చెక్‌లిస్టులో 5 నుంచి 9 అంశాలకు మించకూడదు. మరచిపోతే నష్టం కలిగించేవే ఉంచండి. డిస్పాచ్ చెక్‌లిస్టు బండి తలుపు మూసే ముందు, బిల్లు చెక్‌లిస్టు ‘పంపు’ నొక్కే ముందు చేతిలో ఉండాలి. టిక్కులన్నీ షిఫ్టు చివర ఒకేసారి పెడుతున్నారంటే అది చచ్చిపోయినట్టే లెక్క. వీలైన చోట చెక్‌లిస్టు కూడా అవసరం లేకుండా చేయండి. భాగాన్ని తప్పు వైపు పెడితే కూర్చోని ఫిక్చర్ (భాగాన్ని పట్టి ఉంచే బిగింపు), నంబరు నింపకపోతే ముందుకు కదలని ఫారం మనిషి జ్ఞాపకం కంటే నమ్మదగినవి.

పాత దారికి వెళ్లడానికి ఎక్కువగా కనిపించే కారణం కొత్త పద్ధతిలో ఎక్కడో నిజమైన ఇబ్బంది ఉండటం. దాటవేసిన అంశం ఏదో చూసి, దాటవేసినవారిని తిట్టకుండా కారణం అడగండి. కొలత పరికరం 30 అడుగుల దూరంలో ఉండటం లాంటివి బయటపడతాయి. పరికరాన్ని దగ్గరికి తెండి, చెక్‌లిస్టును అదే రోజు మార్చండి. ప్రతి పద్ధతికీ ఒక బాధ్యుడి పేరు, మార్చిన తేదీ కాగితం అడుగున ఉండాలి. మొదటి మూడు నెలలు వారానికి ఒక్క అంకె మాత్రమే చూడండి: సమయానికి వెళ్లిన ఆర్డర్ల శాతమో, తిరిగి వచ్చిన బిల్లుల సంఖ్యో. ఆ అంకె రెండు వారాలు వరసగా దిగజారితే బాధ్యుడు పని జరిగే చోటికే వెళ్లి, ఒక పూట నిలబడి చూడాలి.